మరియొక చోట వ్రాయబడియున్నది

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటగానే మా మందిరంలో అందరూ లేచి స్తోత్రాలు చెప్పుకుంటారు, పక్కవాళ్ల చేతులు పట్టుకుని కొత్త సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకుంటారు, ఆ హడావిడి కాస్త తగ్గాక సంఘపెద్దలు స్టీలు పళ్లెంలో వాగ్దాన కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వచనం అచ్చువేసినవి, బోర్లించి వరస వరసకీ తెస్తారు. కళ్లు మూసుకుని, మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకుని, ఒకటి తీయాలి. తీసినవాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోతుంది ఎవరికి మంచి వచనం వచ్చిందో. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ క్షణం గురించి నేను విడిగా చెప్పక్కర్లేదు.

2021కి నాకు వచ్చిన కార్డు 91వ కీర్తన 10వ వచనం. "నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు." అప్పటికే కరోనా మొదటి ఏడాది చూసి ఉన్నాం, చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో, అందుకని ఆ కార్డు చూడగానే నాకు కన్నీళ్లు వచ్చాయి. దేవుడు నాతోనే, నా పేరు పెట్టి మాట్లాడాడనుకున్నాను. ఇంటికొచ్చి దాన్ని ఫోను కవరు వెనక పెట్టుకున్నాను.

ఆ మే నెలలో మా నాన్న కొవిడ్‌తో చనిపోయారు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. ఆసుపత్రి బయట చెట్టు కింద కూర్చుని ఆ పదకొండు రోజులూ నేను ఆ కార్డునే దేవుడికి చూపించి ప్రార్థన చేశాను. నువ్వే అన్నావు కదా, తెగులు రాదన్నావు కదా, నీ మాట తప్పవు కదా, అని. మా దగ్గర దీన్ని వాగ్దానం ఎత్తిపట్టి ప్రార్థించడం అంటారు, పట్నం సంఘాల్లో క్లెయిమ్ చేయడం అంటారు. పన్నెండో రోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది. తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకావిడ మా అమ్మతో, మెల్లగానే, "ఎక్కడో విశ్వాసం తగ్గి ఉంటుందమ్మా" అంది. ఆ మాటని నేను ఇప్పటికీ మోస్తున్నాను, మా అమ్మ ఇంకా ఎక్కువ మోస్తోంది.

తర్వాత చాలా నెలలు నేను బైబిలు తెరవలేదు. మందిరానికి వెళ్లేవాడిని, పాటలప్పుడు పెదాలు కదిపేవాడిని, అంతే.

దేవుని వాక్యానికి శక్తి లేదని చెప్పడానికి నేను ఇదంతా రాయడం లేదు. ఉందని ఆ రోజుల కంటే ఇప్పుడే గట్టిగా నమ్ముతున్నాను. కానీ మనం ఆ శక్తిని వెతుకుతున్న చోటు తప్పు. వాక్యాన్ని ముక్కలుగా కోసి, మనకి నచ్చిన ముక్కని దగ్గర పెట్టుకుని, అది మనకోసం పనిచేయాలని ఎదురుచూస్తున్నాం. వాక్యం మన మీద పనిచేయడానికి వచ్చింది. ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను, ఆవిడకి అక్షరం ముక్క రాదు.

నాయనమ్మ ఊరు గుండ్లకమ్మ నది పక్కన. చిన్నప్పుడు సెలవులకి వెళితే రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిలు చదవడం నా పని. పిల్లవాడిని కదా, తొందరగా అయిపోవాలని ఏదో ఒక మంచి వచనం చూసి రెండు లైన్లు చదివి మూసేసేవాడిని. "ఆ ముక్క కాదురా, మొదట్నించి చదువు" అనేది. ఎప్పుడూ అదే మాట. అధ్యాయం మొత్తం చదివించుకునేది, పేర్ల జాబితాలు వచ్చినా వదిలేది కాదు. అలా వినీ వినీ ఎన్నో కీర్తనలు ఆవిడకి కంఠతా వచ్చేశాయి. పొలంలో, పొయ్యి దగ్గర మా యాస తప్ప మరోటి తెలియని మనిషి ప్రార్థనకి మోకరిస్తే మాత్రం పాత అనువాదం తెలుగు ధారగా వచ్చేది, "యుండెను", "సెలవిచ్చుచున్నాడు" అంటూ. ఆ గ్రాంథికం ఎవరికీ అర్థం కాదని ఈ రోజుల్లో అంటారు. సులభమైన అనువాదాలు రావాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక చదువురాని రైతుకూలీ నాలుక మీద ఆ భాష ఎంత సొంతంగా ఆడిందో నేను చూశాను.

నాన్న పోయిన తర్వాత నేను నాయనమ్మ దగ్గరికి వెళ్లాను. నాకు తండ్రి పోయాడు, ఆవిడకి కొడుకు పోయాడు. ఓదార్పు మాటలేవో చెబుతుందనుకున్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తూ "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంది. 13వ కీర్తన మొదటి వచనం. తర్వాత నాకు అంతకుముందు గుర్తుకూడా లేని మరో మాట అంది: "చీకటియే నాకు బంధువర్గమాయెను." అది 88వ కీర్తన చివరి మాట. ఆ కీర్తన అక్కడే ఆగిపోతుంది. తర్వాత "అయినను నేను స్తుతించెదను" అని ఏమీ ఉండదు. చీకటితోనే ముగుస్తుంది.

ఆ రోజు ఇంటికొచ్చి ఎన్నో నెలల తర్వాత బైబిలు తెరిచాను, 88 నిజంగా అలాగే ఉందా అని చూడ్డానికి. ఉంది. మూడు కీర్తనలు దాటితే నా కార్డు, 91. ఒకే పుస్తకంలో, రెండు మూడు పేజీల దూరంలో, "ఏ తెగులును సమీపించదు" కూడా ఉంది, "చీకటియే బంధువర్గము" కూడా ఉంది. నాకు పళ్లెంలో ఒకటే దొరికింది. రెండోది ఏ కార్డు మీదా అచ్చు వేయరు. కానీ నాన్న పోయిన ఇంట్లో నిలబడగలిగింది ఆ రెండోదే. నాకంటే ముందే, నా నోటికి రాని ఏడుపుని ఎవరో దేవుడి ముందు ఏడ్చి, దాన్ని దేవుడు తన వాక్యంలో దాచి ఉంచాడు. దాన్ని కూడా "వాక్యం" అంటున్నాం, ఆలోచించండి. దేవుడి మీద ఫిర్యాదు దేవుని వాక్యంలో భాగం.

తర్వాత ఇంకోటి కనబడింది, అది నన్ను నిజంగా వణికించింది. నా కార్డు మీద ఉన్నది 10వ వచనం కదా. సరిగ్గా దాని తర్వాతి రెండు వచనాలు, 11, 12, మత్తయి సువార్త 4వ అధ్యాయంలో అపవాది నోట వస్తాయి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, ఆయన నిన్ను గూర్చి తన దూతలకు ఆజ్ఞాపిస్తాడని రాసి ఉంది కదా, అంటాడు. వచనం తప్పు కాదు. నిజంగానే రాసి ఉంది. పైగా కీర్తనలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్న మాటని వదిలేసి మిగతాది చెప్పాడు. అంటే వాక్యాన్ని ముక్క చేసి వాగ్దానంగా చేతికిచ్చే పని మొదట సాతానే చేసినట్టు సువార్తలోనే ఉంది. దానికి యేసు ఏమన్నాడు? ఆ కీర్తన అబద్ధం అనలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు.

మరియొక చోట. పాత తెలుగు బైబిలులో ఉన్న ఈ రెండు మాటలు నాకు ఆ తర్వాత ఒక తాళంచెవిలా పనికొచ్చాయి. ఆ రోజు అరణ్యంలో యేసు చెప్పిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవి, 6వ అధ్యాయం నుంచి రెండు, 8వ అధ్యాయం నుంచి ఒకటి. మూడూ అరణ్యంలో ఇశ్రాయేలు పడిపోయిన చోట్ల గురించినవి. నలభై రోజులు ఉపవాసముండి ఆకలితో ఉన్న యేసు "నాకు ఇది ఇస్తానని రాసి ఉంది" అని ఒక్క వచనం కూడా ఎత్తలేదు. తను ఏమి చేయాలో, ఏమి చేయకూడదో రాసి ఉన్న చోట్లనే ఎత్తాడు. సాతాను వెళ్లిపోయింది ఆ మాటలకి. వాక్యపు శక్తి అంటే మనం ఎప్పుడూ చెప్పుకునే సంఘటన ఇదే, కానీ అక్కడ ఏ రకం వాక్యం వాడారో మాత్రం చూడం.

మన ఇళ్ల సంగతి చూడండి. కొత్త ఇల్లు కడితే గుమ్మం పైన "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని గ్రానైటు మీద చెక్కిస్తాం, ఇంటికి ఎబెనెజరు అని పేరు పెడతాం. మా బంధువుల్లోనే మూడు ఎబెనెజరు ఇళ్లున్నాయి. ఆ మాట 1 సమూయేలు 7వ అధ్యాయంలోది. అదే పుస్తకంలో మూడు అధ్యాయాలు వెనక్కి వెళితే ఎబెనెజరు దగ్గరే ఇశ్రాయేలీయులు దిగి ఫిలిష్తీయులతో యుద్ధం చేసి ఓడిపోతారు, నాలుగు వేలమంది చనిపోతారు. అప్పుడు పెద్దలు ఒక ఆలోచన చేస్తారు: షిలోహు నుంచి నిబంధన మందసాన్ని తెచ్చుకుందాం, అది మన మధ్య ఉంటే అది మనల్ని రక్షిస్తుంది. "అది" అన్నారు, "ఆయన" అనలేదు. మందసం వచ్చింది, భూమి ప్రతిధ్వనించేలా కేకలు వేశారు, మన ఆరాధనల్లో కూడా అంత శబ్దం ఉండదేమో. ఈసారి ముప్పై వేలమంది చనిపోయారు, మందసాన్ని శత్రువులు ఎత్తుకుపోయారు. ఆ పెట్టెలో ఏముంది? పది ఆజ్ఞల రాతి పలకలు. దేవుడు స్వయంగా రాసిన వాక్యాన్ని భుజాల మీద మోసుకుంటూ ఓడిపోయారు, ఎందుకంటే పలకల మీద రాసినదాన్ని చేయడం ఎవరికీ పట్టలేదు. యాజకుడైన ఏలీ కొడుకులు మందసం పక్కనే నడిచారు, వాళ్లు అర్పణల విషయంలో, స్త్రీల విషయంలో ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు. 7వ అధ్యాయంలో గెలుపు వచ్చేది ఇరవై ఏళ్లు గడిచాక, జనం బయలు దేవతలను, అష్తారోతు దేవతలను తీసేసి, ఉపవాసముండి, మేము పాపం చేశాం అని ఒప్పుకున్న తర్వాత. గ్రానైటు మీద ఆ చివరి లైను ఒక్కటే పడుతుంది. ఆ ఇరవై ఏళ్లు చెక్కడానికి చోటు లేదు.

యిర్మీయా 36వ అధ్యాయంలో యెహోయాకీము రాజు గురించి చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది, యెహూదీ అనే అతను ప్రవక్త చెప్పి రాయించిన గ్రంథాన్ని చదువుతుంటే, మూడు నాలుగు పుటలు అవ్వగానే రాజు చాకుతో కోసి నిప్పులో వేస్తాడు. మళ్లీ మూడు నాలుగు పుటలు, మళ్లీ కోత. అతని తండ్రి యోషీయా, మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని చదివి వినిపిస్తే తన బట్టలు చింపుకున్నాడు. తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్ని కోశాడు. యెహోయాకీము నచ్చనిదాన్ని కోసి పారేశాడు, మనం నచ్చినదాన్ని కోసి దాచుకుంటున్నాం, మిగిలిన పుస్తకం గతి రెండు చోట్లా ఒక్కటే. అక్కడ జరిగిన తర్వాతి విషయం నాకు చాలా ఇష్టం: యిర్మీయా చెబుతుంటే రాసే బారూకు మళ్లీ కూర్చుని కాలిపోయిందంతా రాశాడు, దానికి ఇంకా ఎన్నో మాటలు కలిశాయి.

ఇక మా ఒంగోలు సంగతి. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో పట్నంలోని అగ్రవర్ణాల పెద్దలు ఆయన్ని ఆదరించారు, వాళ్ల పిల్లలు మిషను బడికి వచ్చారు. అదే సమయంలో తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, క్రీస్తును నమ్మి, తనవాళ్లను వెంటబెట్టుకుని వస్తున్నాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రాం అన్నారు పెద్దలు. ఎటూ తేల్చుకోలేని ఆ టెన్షన్‌లో క్లౌ ఒక బైబిలు అందుకుంటే అది తెరుచుకున్న చోట 1 కొరింథీయులకు 1వ అధ్యాయం 26వ వచనం కనబడింది. "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." ఆయన భార్య కూడా విడిగా, మరో గదిలో అదే భాగానికి వచ్చింది. ఇద్దరూ పోల్చుకుని, ఇదే దేవుని జవాబు అని తీర్మానించుకున్నారు.

ఇక్కడ ఎవరైనా నన్ను అడగొచ్చు, అదీ తెరిస్తే దొరికిన వచనమే కదా, నీ పళ్లెంలో కార్డుకి దానికి తేడా ఏమిటని. న్యాయమైన ప్రశ్న. నేనూ చాలాకాలం దీని గురించి ఆలోచించాను. దేవుడు ఒక కార్డు ద్వారా మాట్లాడలేడని నేను అనను. తేడా ఆ మాట ఏమి అడిగిందన్న దాంట్లో ఉంది. క్లౌకి దొరికిన వచనం ఆయనకి ఏమీ ఇస్తానని చెప్పలేదు. చేతిలో ఉన్నదాన్ని, ఊళ్లో మర్యాదని, పెద్దల మద్దతుని వదులుకోమంది. ఆయన వదులుకున్నాడు. 1876 నుంచి 78 వరకు పెద్ద కరువు వచ్చినప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు, తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న అనుమానం లేకుండా బాప్తిస్మాలు నెలల తరబడి ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మా నాయనమ్మ లాగే చదువురానివాళ్లు. మనిషిని మనిషి ముట్టుకోని ఊళ్లలో, నువ్వు పిలవబడ్డావు అన్న మాట వాళ్ల చెవిన పడింది. వెన్ను నిటారుగా పెట్టి నడవడం ఆ మాటతో మొదలైంది. శక్తి అంటే ఇది. దీన్ని నేను కథగా చెప్పడం లేదు, నా ఇంటి పేరు, నా చదువు, నా ఉద్యోగం ఆ నది నుంచి వచ్చాయి.

మరి అదే సంఘాల్లో ఈ రోజు పెళ్లి సంబంధం వస్తే మొదటి ప్రశ్న ఏమిటి? "ఏమిట్లు?" అంటే ఏ కులం అని. గలతీయులకు 3:28 ఆదివారం బడిలో పిల్లలచేత కంఠతా పట్టిస్తాం, "యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు", ప్రైజు కూడా ఇస్తాం, సోమవారం మాల సంఘం మాదిగ సంఘం అని విడిగా లెక్కలేస్తాం, రెడ్డి క్రైస్తవులు కమ్మ క్రైస్తవులు అని వధూవరుల ప్రకటనలు ఇస్తాం. నాకు ఇది తల్చుకుంటే కడుపు మండుతుంది. కార్డుల్లో మనకి ఈ వచనం ఎందుకు రాదు?

ఈ మాట అన్నాక నా సంగతి దాచుకోకూడదు. నాన్న పోయాక ఇంటి స్థలం దగ్గర అన్నయ్యకీ నాకూ మాట పడింది. హద్దు రాయి నుంచి మొదలై, నాన్న ఆసుపత్రి ఖర్చు ఎవరు ఎంత పెట్టారనే దాకా వెళ్లింది, మాటలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో నేను వాట్సాప్ స్టేటస్‌లో "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును" అని పెట్టాను, ఐగుప్తు రాజు ఫరో సైన్యం తరుముతున్నప్పుడు మోషే జనంతో అన్న మాట అది. ఎవరు చూడాలని పెట్టానో వాళ్లే చూశారు. రెండు రోజుల తర్వాత వదిన స్టేటస్‌లో మరో వచనం. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే బైబిలు చదువుకుని, ఒకరినొకరు ఫరోని చేసుకున్నాం.

ఒక సంస్కారపు ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పెట్టిన బల్ల సిద్ధంగా ఉంది, అయ్యగారు మత్తయి 5వ అధ్యాయం చదువుతున్నారు. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని అక్కడ నీకు జ్ఞాపకము వచ్చినయెడల..." అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడు అని ఉంటుంది తర్వాత. ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు మాత్రం ఒక విభక్తి నన్ను పట్టుకుంది. "నీమీద నీ సహోదరునికి." నాకు అన్నయ్య మీద ఉన్న కోపం గురించి కాదు, అన్నయ్యకి నా మీద ఉన్నదాని గురించి. ఎవరిది న్యాయం అని యేసు అడగలేదు. నా దగ్గర అన్ని రశీదులూ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. దేవుని వాక్యం రెండంచులు గల ఏ ఖడ్గం కంటే కూడా వాడిగా, కీళ్లను మూలుగను విభజించేటంత లోపలికి దూరుతుంది అని హెబ్రీయులకు 4:12లో ఉంటుంది, పాటల్లో దాన్ని సాతాను మీదకి ఎత్తుతాం కానీ ఆ వచనం చదివితే ఆ కత్తి తిరిగి ఉన్నది వినేవాడి వైపే. రొట్టె తీసుకోకుండా లేచి బయటికి వచ్చేశాను.

బస్సెక్కి అన్నయ్య ఊరు వెళ్లాను. గొప్పగా ఏమీ జరగలేదు. అన్నయ్య లోపలికి రమ్మనలేదు మొదట, వదిన మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. స్టేటస్ పెట్టింది తప్పు అని చెప్పాను. స్థలం గొడవ తేలడానికి తర్వాత ఇంకో ఏడాది పట్టింది, నాకు అడిగినంత రాలేదు కూడా. దీన్ని సాక్ష్యంలో చెప్పమంటే ఏమి చెప్పాలో నాకు తెలియదు, ఎందుకంటే చివర్లో ఆశీర్వాదం లేదు. మాట్లాడుకుంటున్నాం, అంతే. అమ్మ ఇప్పుడు రెండు ఇళ్లలోనూ ఉండగలుగుతోంది.

ఇంత ఆలస్యం ఎందుకని ఒకసారి నాయనమ్మని అడిగాను, వాక్యం నిష్ఫలముగా మరలదు అంటారు, మరి చూస్తే ఏళ్లూ పూళ్లూ పడుతోంది కదా అని. "వాన పడ్డ రోజే కంది కోస్తామా" అంది. నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఆ వచనానికి ముందున్న వచనంలో ఉన్నది నిజంగానే వాన. యెషయా 55:10, వర్షమును హిమమును వచ్చి భూమిని తడిపి, చిగిర్చి, విత్తువానికి విత్తనము కలుగజేసినట్టు అని ఉంటుంది. మనం 11 మాత్రమే కార్డు మీద వేస్తాం. మెట్ట పొలం చేసిన ఆవిడకి రెండూ కలిపే తెలుసు.

మొన్న జనవరి 1న ఆరాధన అయ్యాక అందరం నాయనమ్మ ఇంటికి వెళ్లాం, అన్నయ్య వాళ్లు కూడా. ఆవిడకి తొంభై దాటాయి, చూపు పోయింది, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. కార్డు తీయడం నేను మానలేదు. పెద్దలు పళ్లెం పట్టుకుని నా ముందు నిలబడితే వద్దనడం నాకు చేతకాదు, అనాలని కూడా లేదు. ఈసారి యెషయా 43:2 వచ్చింది. "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును." చదివి వినిపించాను. నాయనమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. సరే అని బైబిలు తీసి 43వ అధ్యాయం మొదట్నించి అందుకున్నాను. "అయితే యాకోబూ, నిన్ను సృజించినవాడగు యెహోవా..."

"ఆగు" అంది. "అయితే అన్నాడంటే దానికి ముందు ఏదో ఉండి ఉండాలిగా. ఏమన్నాడు?"

అన్నయ్య నా భుజం మీదుగా వంగి చూశాడు. నేను పేజీ వెనక్కి తిప్పాను.